ఇరవయ్యో ట్రిప్పు

"రైట్!"

ఆ కేకకి డాక్టర్ భార్గవి ఉలిక్కిపడింది. క్యాన్సర్ ఆసుపత్రిలో కిరణాల గది బయట అంత గొంతు ఎవరూ ఎత్తరు. అక్కడికి వచ్చే తల్లిదండ్రులు గుసగుసలాడతారు, లేదా ఏడుస్తారు.

మైకు ముందు కూర్చున్న ఆడమనిషి డ్యూటీ నుంచి నేరుగా వచ్చింది. చీర మీద వేసుకున్న ఖాకీ కోటు ఇంకా విప్పలేదు. పేరు నూకరత్నం. విశాఖపట్నం బీచ్ రోడ్డు మీద భీమిలి వెళ్ళే బస్సులో కండక్టరు. ఆమె చూపుడువేలికి ఒక నూలుదారం చుట్టి ఉంది. అది నేల మీదుగా సాగి, నాలుగు టన్నుల తలుపు కింద నుంచి లోపలికి వెళ్ళింది. దాని రెండో కొస ఏడేళ్ళ జోషిత చేతిలో ఉంది.

లోపల జోషిత ఒక్కతే ఉంది. మొహం మీద వల లాంటి మాస్కు బిగించి, దాన్ని బల్లకి కలిపి తాళం వేశారు. కళ్ళు తెరవడానికి లేదు. తల కదపడానికి లేదు. అందుకే పిల్ల చేతికి ఒక దారం కొస ఇచ్చి, రెండోది తల్లి పట్టుకోవడం ఆ ఆసుపత్రిలో అలవాటు. తల్లి అక్కడే ఉందని పిల్లకి తెలియాలి. నూకరత్నం ఆ దారాన్ని చూడగానే బస్సులో గంట తాడు చేసేసింది. ఒకసారి లాగితే ఆపు. రెండుసార్లు లాగితే రైట్.

"మెల్లగా చెప్పినా వినబడుతుందమ్మా," అన్నాడు మిషను నడిపే ఇమ్మానుయేలు.

"మెల్లగా చెప్తే బండి కదలదండీ," అంది నూకరత్నం. దారం రెండుసార్లు లాగింది. "డ్రైవరు గారూ, పోనీండి! అప్పుఘర్! అప్పుఘర్‌లో ఎవరెక్కుతున్నారు?"

స్పీకర్లోంచి, మాస్కు కింద పళ్ళ సందులోంచి చిన్న గొంతు వచ్చింది. "అమ్మమ్మ."

ఎదురుగా తెర మీద జోషిత మెదడు బూడిదరంగులో తిరుగుతోంది. అమ్మమ్మ అనగానే ఒక మూల పచ్చటి చుక్కలు గుప్పున వెలిగాయి.

"చూశారా," ఇమ్మానుయేలు వేలితో చూపించాడు. "పాప ఇప్పుడు వాళ్ళ అమ్మమ్మని తలుచుకుంది. ఆ పని చేస్తున్న కణాలు మాత్రమే మన మందు తాగాయి. మందు తాగిన కణాన్ని కిరణం ఏమీ చెయ్యదు."

"తాగనివి?" అని అడిగింది నూకరత్నం.

ఇమ్మానుయేలు భార్గవి వైపు చూశాడు. మందు కనిపెట్టింది ఆవిడ.

"కాలతాయి," అంది భార్గవి. "ఒక్కరోజులో కాదు. రోజుకి కొంచెం. ఈ ఆరు నిమిషాల్లో తలుచుకున్నది మిగులుతుంది. ఇరవై రోజుల్లో ఒక్కసారి కూడా తలుచుకోనిది మిగలదు. కణితికి తలపులుండవు కాబట్టి అది మందు తాగదు. అది చచ్చిపోతుంది."

"జోడుగుళ్ళపాలెం!" అని మైకులోకి అరిచింది నూకరత్నం. "ఎవరెక్కుతున్నారు డ్రైవరు గారూ?"

"వరలక్ష్మి టీచరు. ఎక్కాల పుస్తకం తెచ్చింది."

పచ్చ చుక్కలు వెలిగాయి. తలుపు మీద ఎర్ర దీపం వెలిగింది. కిరణం మొదలైంది.

*

ఆ బండిని మూడు రోజుల ముందు జాలారిపేటలో, వాళ్ళ ఇంటి అరుగు మీద తయారు చేశారు.

భార్గవి వాళ్ళకి ఒక ఫారం ఇచ్చింది. 'కాపాడవలసినవి' అని పైన అచ్చువేసి ఉంది. ఆ ఫారానికి ఒక కారణం ఉంది. అంతకు ముందు ఆ మందు తొమ్మిదిమంది పిల్లలకి ఇచ్చారు. తొమ్మిదిమందీ బతికారు. కానీ ఒక పిల్లకి ఈల వెయ్యడం పోయింది. ఇంకో పిల్ల సైకిలు తొక్కడం మరిచిపోయింది. ఎవరూ వాటిని గుర్తు చెయ్యలేదు, అంతే. పాత పద్ధతిలో బతికి బయటపడ్డ పిల్లల్ని చూసినవాళ్ళకి ఇదొక నష్టంలా అనిపించలేదు. ఆ పిల్లలు నిన్నటి పాఠాన్నే కాదు, నిన్నటి రోజునే మరిచిపోయేవారు. ఈలతో పోయిందని ఆసుపత్రిలో అందరూ సంతోషించారు.

"మొహాలు ముఖ్యం," అని భార్గవి మరీ మరీ చెప్పింది. "కణితి సరిగ్గా మొహాలు గుర్తుపట్టే చోటు పక్కన కూర్చుంది. ఎవరెవరి మొహాలు కావాలో ఆలోచించి రాయండి. రోజూ ఒకే వరసలో గుర్తు చెయ్యాలి. పిల్ల తడబడకూడదు."

ఒకే వరస అనగానే నూకరత్నానికి తన రూటు గుర్తొచ్చింది. పదకొండేళ్ళుగా రోజుకి ఆరుసార్లు తిరుగుతున్న దారి. స్టాపుకి కొంతమంది చొప్పున మనుషుల్ని ఎక్కించింది. మనుషుల చేతుల్లో మిగతావి పెట్టింది. అమ్మమ్మ చేతిలో చేపల పులుసు. టీచరు చేతిలో ఎక్కాలు. పక్కింటి కుమారి చేతిలో తొక్కుడుబిళ్ళ. రుషికొండలో సముద్రమే వచ్చి ఫుట్‌బోర్డు మీద నిలబడింది.

భర్త సన్యాసిరావు హార్బరు ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తడి లుంగీ పిండుకుంటూ వింటున్నాడు. "నన్నెక్కడెక్కిస్తన్నావే?"

"మంగమారిపేట."

"అందాకా నడవాలేటి నేను?"

"ఆలస్యంగా లేచేవాడు ఆఖర్నే ఎక్కాలి."

జోషిత పడీపడీ నవ్వింది. "నాన్నా, సీటు లేదు. నువ్వు నిలబడి రా."

"చూసేవా, కూతురూ అదే మాట! మరి నువ్వెక్కడ కూచుంటావే?"

"నేను డ్రైవర్ని!"

"డ్రైవరమ్మా, జాగర్త," అంది నూకరత్నం. "డ్రైవరు వెనక్కి తిరగకూడదు. రోడ్డు మీదే చూపుండాలి. నా గంట వినాలి, అంతే."

భీమిలి చేరేసరికి నలభై ఒక్కమంది ఎక్కారు. నూకరత్నం అలవాటు కొద్దీ వేళ్ళతో తలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. నలభై ఒకటి. ఒక్కరూ తప్పలేదు.

మర్నాడు భార్గవి ఆ ఫారం చదివింది. పై వరసలో 'సంరక్షకురాలు: కె. నూకరత్నం, తల్లి' అని ఉంది. కింద నలభై ఒక్క పేర్లు. ఇంత శ్రద్ధగా ఎవరూ రాయలేదనుకుంది. సంతకం పెట్టింది.

*

బండి రోజూ నడిచింది. రోజూ మధ్యాహ్నం రెండింటికి రైట్ అనే కేక. అప్పుఘర్, జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్, రుషికొండ. ఆరో రోజుకి కారిడార్లో కూర్చున్న మిగతా తల్లులకీ స్టాపులు నోటికి వచ్చేశాయి. "మంగమారిపేటలో మీ ఆయన్ని వదిలేసి పోవమ్మా ఒక్కరోజు, బుద్ధొస్తుంది," అని ఒకావిడ అంటే అందరూ నవ్వారు.

పదో రోజు తీసిన స్కానులో కణితి సగమైంది. పన్నెండో రోజుకి ఉసిరికాయంత మిగిలింది. వాంతులు తగ్గాయి. జోషిత రెండు ఇడ్లీలు తిని మూడోది అడిగింది. భార్గవి తన జీవితంలో ఎప్పుడూ లేనిది, ఆ రోజు గదిలో ఒంటరిగా చప్పట్లు కొట్టుకుంది.

పద్నాలుగో ట్రిప్పు అయ్యాక సన్యాసిరావు ఆవిడ గదికి వచ్చాడు. చేతిలో వంజరం చేప, కాగితంలో చుట్టి. "తప్పనకండి డాక్టరమ్మా. ఇయ్యాల ఉదయం పడింది."

"ఇవన్నీ వద్దండీ."

"నిన్న భలే నవ్వొచ్చిందండి," అన్నాడు చేపని బల్ల మీద పెట్టేస్తూ. "మా గుంటని డిపోకి తీసుకెళ్ళేను. మా ఆవిడ ఎదురుగానే నిలబడి టిక్కెట్ మిషను అప్పజెప్తంది. ఇది దాన్ని దాటుకుని పోయి, వెనకాలున్న ఇంకో కండక్టరమ్మ కోటు పట్టేసుకుంది. 'అమ్మా, ఇంటికెళ్దాం' అని! ఖాకీ కనిపిస్తే సాలు, అందరూ అమ్మలే దీనికి."

అతను నవ్వాడు. భార్గవి నవ్వలేదు.

"మీ ఆవిడ అప్పుడు మాట్లాడుతోందా?"

"లేదండి, కాగితాలు రాస్తంది. అదొక్కప్పుడే కదా నోరు మూసేది."

"పాప దగ్గర ఉన్నప్పుడు?"

"ఆపితే కదండీ! నిద్దట్లో కూడా స్టాపులే."

భార్గవి బల్ల సొరుగు లాగి ఫారం తీసింది. నలభై ఒక్క పేర్లు చదివింది. రెండోసారి వేలు పెట్టి చదివింది.

*

"చిన్న పరీక్ష," అని ఆవిడ నూకరత్నంతో చెప్పింది. "కోటు విప్పేసి, ఆ గదిలోకి వెళ్ళి జోషితకి ఎదురుగా కూర్చోండి. నేను చెప్పేదాకా నోరు విప్పకండి."

"నన్ను నోరు మూసుకోమంటున్నారంటే పెద్ద పరీక్షే," అని నవ్వుతూ వెళ్ళింది నూకరత్నం.

భార్గవి, సన్యాసిరావు అద్దం వెనక నిలబడ్డారు.

జోషిత చిన్న బల్ల ముందు కూర్చుని పడవ బొమ్మకి రంగు వేస్తోంది. తలుపు చప్పుడికి తలెత్తింది. వచ్చినామెని పైనుంచి కిందికి చూసింది. మర్యాదగా పక్క కుర్చీ మీది రంగుపెన్సిళ్ళు తీసేసింది.

"కూర్చోండి ఆంటీ."

నూకరత్నం నవ్వు ఆపుకుంటూ కూర్చుంది. ఆటనుకుంది.

"మీ పాపక్కూడా ఇక్కడే ట్రీట్‌మెంటా?" అని అడిగింది జోషిత. జవాబు రాకపోతే తనే చెప్పింది, "భయపడకండి. నొప్పుండదు. మా అమ్మ వచ్చేస్తాది, ఆవిణ్ణి అడగండి. అందరికీ అన్నీ చెప్తాది."

నూకరత్నం పెదాల మీద నవ్వు అలాగే ఉంది. కళ్ళలోది పోయింది. ఆమె అద్దం వైపు తిరిగింది. అద్దంలో ఆమెకి తన మొహమే కనిపించి ఉంటుంది.

"జోషీ," అంది.

పెన్సిలు కింద పడింది. "అమ్మా! ఎప్పుడొచ్చేవు?" జోషిత వచ్చి ఆమె నడుము చుట్టేసుకుంది. చుట్టుకుని ఆమె నోటికేసి చూసింది. ఆ గొంతు వస్తున్న చోటికేసి.

అద్దం వెనక సన్యాసిరావు నేల మీద కూర్చుండిపోయాడు.

*

"మీరు ఇందులో లేరు," అంది భార్గవి, ఫారం వాళ్ళ ముందు పెట్టి.

"నేనెందుకుంటానండి? కండక్టర్ని లెక్కలో ఎయ్యరు," అంది నూకరత్నం వెంటనే. ఎన్నో ఏళ్ళుగా చెకింగువాళ్ళకి చెప్పే జవాబు అది. బండిలో ఎంతమంది అంటే ప్రయాణికులే. మాట బయటికి వచ్చాక తనే విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను పట్టుకోవాల్సింది," అంది భార్గవి. "పైన మీ పేరుంది. తల్లి అని ఉంది. ఉన్నారనుకున్నాను. తప్పు నాది."

"తప్పు సంగతి తర్వాత చూద్దాం. ఇప్పుడు ఆపేస్తే?" అని అడిగింది నూకరత్నం.

"నెల తిరక్కుండా కణితి మళ్ళీ పెరుగుతుంది. రెండోసారి ఈ మందు పనిచెయ్యదు."

"ఆపకపోతే?"

"బతుకుతుంది. ఆ మాట నేను కచ్చితంగా చెప్పగలను."

సన్యాసిరావు గోడకేసి చూస్తూ అన్నాడు, "నన్ను గుర్తుపడతాది కదండీ? మరి దాన్ని ఎందుకు పట్టదు? నవమాసాలు మోసింది కదా అది!"

"మీరు రోజూ మంగమారిపేటలో ఎక్కారు," అంది భార్గవి.

అతను తలకొట్టుకున్నాడు. నూకరత్నం అతని చెయ్యి పట్టుకుని ఆపింది. "ఫొటోలు చూపించి మళ్ళీ నేర్పుకుంటామండి. అక్షరాలు నేర్పలేదా?"

"కొత్త మొహాలు నేర్చుకునే చోటు కూడా అదేనమ్మా. అందులో చాలా భాగం ఇప్పుడు..." భార్గవి మధ్యలో ఆపేసింది. నలభై ఒక్కమంది ఉన్న చోట్లు దీవుల్లా మిగిలాయి. చుట్టూ ఉన్నదంతా పోయింది. "గొంతు పోలేదు. రోజూ మైకులో విన్నది కాబట్టి మీ గొంతు భద్రంగా ఉంది."

నూకరత్నం చాలాసేపు కోటు గుండీ తిప్పుతూ కూర్చుంది. తర్వాత లేచింది.

"ఆరు ట్రిప్పులున్నాయి కదా. రేపట్నుంచి నేనూ ఎక్కుతాను."

*

"అప్పుఘర్! అమ్మమ్మ ఎక్కింది. వెనకాలే ఇంకొకావిడ ఎక్కుతోంది డ్రైవరు గారూ. ఖాకీ కోటు. చామనఛాయ. ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటుంది. నీకు ఏడాదప్పుడు నువ్వే గిన్నె విసిరేవు, అప్పుడు తగిలింది. ముక్కుకి ఒంటిరాయి ముక్కుపుడక."

స్పీకర్లోంచి జోషిత అడిగింది, "ఎవరమ్మా ఆవిడ?"

"నేనే."

"నువ్వు ఎక్కడం ఏటి? నువ్వు వెనకాలే ఉన్నావు కదా. గంట కొడుతున్నావు కదా!"

తెర మీద ఒకచోట చుక్కలు వెలిగాయి. చెవి దగ్గర. గొంతు ఉండే చోటు. మొహాల చోట మాత్రం నల్లగా ఉంది. మంగమారిపేట రాగానే అక్కడ ఒక దీవి పచ్చగా వెలిగింది. సన్యాసిరావు నిలబడి ప్రయాణం చేస్తున్నాడు.

"వెలిగిందేటండి, నేనెక్కినప్పుడు?" అని నూకరత్నం రోజూ అడిగేది.

పదిహేడో రోజు ఇమ్మానుయేలు తట్టుకోలేకపోయాడు. "కొంచెం వెలిగిందమ్మా," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి చూసింది. "పదకొండేళ్ళ సర్వీసు నాది. టిక్కెట్టు లేనివాణ్ణి నేను మొహం చూసి పట్టేస్తాను," అని మళ్ళీ మైకు ముందు కూర్చుంది.

ఆ రోజుల్లో ఆమె మాట ఆపడం ఎవరూ చూడలేదు. మెట్లెక్కుతూ మాట్లాడేది. జోషిత గదిలోకి రాకముందే గుమ్మం బయట నుంచే "వస్తున్నా వస్తున్నా" అని మొదలుపెట్టేది. అన్నం తినిపిస్తూ, జుట్టు లేని తలకి గుడ్డ కడుతూ, ఆసుపత్రి వరండాలో, డ్యూటీలో బస్సు హోరు మీద, ఒకటే మాటలు. మాట ఆగితే తను పరాయిదైపోతుంది. ఒకసారి జోషితే చెప్పింది, "నువ్వు మాట్లాడితే చాలమ్మా. ఆంటీ మొహమైనా పర్లేదు." నూకరత్నం దానికీ ఏదో నవ్వులాట మాట చెప్పింది.

పందొమ్మిదో ట్రిప్పులో, తిమ్మాపురం స్టాపు దాటాక, ఆమె గొంతు గీరుకుపోయి చీలింది. మంగమారిపేటకి గాలి మాత్రమే వచ్చింది. భీమిలికి అదీ లేదు. చెవి ముక్కు గొంతు డాక్టరు టార్చి వేసి చూసి, స్వరతంతువులు వాచిపోయాయన్నాడు. రెండు వారాలు గుసగుస కూడా కూడదన్నాడు. గుసగుసకైనా గొంతు ఉంటే కదా.

ఇంకొక్క ట్రిప్పు మిగిలింది. దాన్ని వాయిదా వెయ్యడానికి లేదు.

"పన్నెండో రోజుది రికార్డుంది," అన్నాడు ఇమ్మానుయేలు. "అన్ని స్టాపులూ శుభ్రంగా ఉన్నాయి."

"పాపకి చెప్పాలా?" అని భార్గవి తనలో తనే అనుకున్నట్టు అంది. అమ్మ గొంతు పోయిందంటే పిల్ల బెంగపడుతుంది. బెంగపడితే ఆరు నిమిషాలూ అదే తలుచుకుంటుంది. నలభై ఒక్కమందీ మందు లేకుండా కిరణం కింద నిలబడతారు. "వద్దు. అయ్యాక చెబుదాం."

నూకరత్నం తలూపింది.

*

ఇరవయ్యో ట్రిప్పు మధ్యాహ్నం రెండింటికి బయల్దేరింది.

"రైట్!" అని రికార్డులోని నూకరత్నం అరిచింది. డ్యూటీకి సెలవు పెట్టి, ఖాకీ కోటు లేకుండా మైకు పక్కన కూర్చున్న నూకరత్నం దారం రెండుసార్లు లాగింది. అమ్మమ్మ ఎక్కింది. వరలక్ష్మి టీచరు ఎక్కింది. సముద్రం ఫుట్‌బోర్డు మీద నిలబడింది. పన్నెండో రోజు బండి కాబట్టి అప్పుఘర్‌లో ఖాకీ కోటావిడ ఎవరూ ఎక్కలేదు. జోషిత ఒక్క పేరూ తడబడలేదు. మంగమారిపేటలో "నాన్నా, నిలబడి రా!" అని నవ్వింది కూడా. తెర మీద దీవులన్నీ పచ్చగా వెలిగాయి. కణితి ఉన్నచోట ఏమీ లేదు.

"భీమిలి! ఆఖరి స్టాపు! అందరూ దిగాలి!"

ఎర్ర దీపం ఆరింది. నాలుగు టన్నుల తలుపు మెల్లగా పక్కకి జరిగింది. ఇమ్మానుయేలు వెళ్ళి మాస్కు తాళాలు తీశాడు. జోషిత లేచి కూర్చుని, చెంపల మీద పడ్డ వల గుర్తులు రుద్దుకుంది. ఎడమచేతిలో దారం ఇంకా ఉంది.

నూకరత్నం వేలికున్న దారం చుట్టుకుంటూ లోపలికి నడిచింది. చుట్టుకున్న కొద్దీ దారం పొట్టిదైంది. బల్లకి మూడడుగుల దూరంలో ఆగింది. నోరు తెరిచింది. గొంతు రాలేదు.

జోషిత ఆమెని చూసింది. ఆమె వేలికి చుట్టి ఉన్న దారాన్ని చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆంటీ, దారం వదిలెయ్యండి. అది మా అమ్మది."

గుమ్మం పక్కనున్న భార్గవి ఒకడుగు ముందుకు వేసింది. "జోషితా, ఈవిడే..."

నూకరత్నం వెనక్కి తిరక్కుండానే చెయ్యి అడ్డంగా ఎత్తింది. భార్గవి ఆగిపోయింది.

నూకరత్నం ఆ దారాన్ని రెండుసార్లు లాగింది. ఇరవై రోజులూ లాగినట్టే. అంతే బిగువుతో, రెండింటి మధ్య అంతే విరామంతో.

జోషిత మొహం విప్పారింది.

"అమ్మా!" అని అరిచింది. ఆమె భుజం పక్కనుంచి తల వంచి, రోజూ దారం వచ్చే వైపు, తెరిచి ఉన్న తలుపు వైపు చూసింది. "అయిపోయిందమ్మా! లోపలికి రా!"

నూకరత్నం గుమ్మానికి అడ్డం తప్పుకుని నిలబడింది.